గుమ్మడి పాదును దాని యెరువును

మన ప్రాంతచరిత్రలను వ్రాయువారు పాళెగాండ్ర కోటలను, శాసనములను, దేవాలయమాన్యములను శ్రద్ధతో వెదకి వ్రాయుచున్నారు. పంట తీసికొన్న మనుష్యుడు భూమికి తిరిగి యేమి యిచ్చెనను విషయము మాత్రము వారి గ్రంథములలో రెండుమూడు పంక్తులను మించుట యరుదు. మదనపల్లె, పుంగనూరు, కుప్పము సీమల విషయమున ఈ లోపము చిన్నది కాదు. అచ్చటి ఎఱ్ఱనేలలు ఇసుకపాలు హెచ్చుగా గలవి. నీటిని గాని సారమును గాని చిరకాలము పట్టియుంచజాలవు. ఆ నేలలలో పండినను ఎండినను సగము కారణము వాన, సగము ఎరువు. వానను గూర్చి అందఱును మాటలాడుదురు. ఎరువు కథను మేము ఒక తీగపైరు నాధారముగా గొని చెప్పదలచితిమి. ఆ తీగ గుమ్మడి. వరిని గూర్చియు చెఱకును గూర్చియు వ్రాసినవారు పెక్కండ్రు గలరు. గుమ్మడికి చరిత్రకారుడు లేడు.

గుమ్మడినే యేల యెన్నుకొంటి రని చదువరు లడుగవచ్చును. తాను తిన్న తిండి యెట్టిదో బయటికి చెప్పు మొక్కలలో నిది మొదటిది. ఎరువు చాలనిచో ఆకు పాలిపోవును. ఒకటి మిక్కిలియై మఱియొకటి కొఱవడినచో తీగ పందిరిని కప్పునంత పెరిగియు కాయ నియ్యదు. సొర, బీర, కాకర, దోస మొదలైన దీని చుట్టములును కొంతవఱకు ఇట్టివే.

మొదట ఆ మూడూళ్ల పుట్టుపూర్వములను కొంచెము చెప్పవలయును. 1911వ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదిన చిత్తూరు జిల్లా యేర్పడుటకు ముందు, మదనపల్లె కడప జిల్లాలో నుండెను; పుంగనూరు జమీందారియు, కుప్పము చేరియున్న కంగుంది జమీందారియు ఉత్తర ఆర్కాటు జిల్లాలో నుండెను. మూడును మైసూరు పీఠభూమి యంచున నున్నవి. మదనపల్లె సముద్రమట్టమునకు రెండువేల అడుగులకు పైబడిన యెత్తున నున్నది. సాయంకాలము చల్లబడు నిట్టి చోటులు తీగపైరులకు మేలు. ఏల మేలో ముందు చెప్పెదము. పెద్ద నదీకాలువ యేదియు పూర్వము ఈ సీమకు లేదు. చెరువులును బావులును మాత్రమే యాధారము.

మనము నేడు కూరకు వండుకొను తియ్యగుమ్మడి ఈ దేశపు మొక్క కాదు. ఇంటి ముందు దృష్టికై కట్టు బూడిదగుమ్మడి ఆసియాఖండపుదే. తియ్యగుమ్మడి మాత్రము అమెరికాఖండమునుండి పోర్చుగీసువారి రాకకు తరువాత వచ్చినది. మెక్సికోదేశమున గ్విలా నకీట్స్ అను గుహలో దొరకిన గుమ్మడిజాతి గింజలు సుమారు పదివేల యేండ్ల నాటివని బ్రూస్ స్మిత్ అను పండితుడు 1997లో ప్రకటించెను. ఆదిమానవుని గుడిసె ప్రక్కన పాఱవేసిన చెత్తకుప్పపై నిట్టి తీగలు తమంత తామే మొలచి, తరువాత పైరులైన వని కొందఱు శాస్త్రజ్ఞుల యూహ. ఈ యూహ నిజమైనను కాకున్నను, మన పల్లెలకు వచ్చిన పిదప గుమ్మడి చేరినది చెత్తకుప్ప దగ్గఱకే. పశువుల కొట్టము ప్రక్కనున్న దిబ్బ యంచున గింజ నాటుదురు. తీగ కొట్టపు కప్పుపై కెగబ్రాకును. కాయ లచ్చటనే పండును. ఇంతటి పంటకు రైతు ప్రత్యేకముగా వేసిన యెరువు లేదు. దిబ్బయే దాని ఎరువు.

దిబ్బ దూరమైనచోట పాదు త్రవ్వుదురు. మోకాలి లోతున గుంట తీసి, మాగిన పెంటను మన్నుతో కలిపి నింపి, పొయ్యిలోని బూడిదను చల్లి, మూడు నాలుగు గింజలు వేసి, మొలచిన వానిలో బలమైనవానిని నిలుపుదురు. లేత ఆకులపై ఎఱ్ఱ పెంకుపురుగు వ్రాలినప్పుడు మరల బూడిదయే చల్లుదురు. ఈ పనియంతయు ఆడువారిది. పెరటిపాదు విషయమున మగవారికి తెలిసినది తక్కువ యని చెప్పుటకు మేము సంకోచింపము. పొలమునకు పోవు ఎరువు లెక్క మగవాని చేతిలో నుండెను. పెరటికి వచ్చు తట్టెడు పెంటయు బూడిదయు స్త్రీ చేతిలో నుండెను. శాస్త్రజ్ఞానము పురుషుల కొక్కరికే చెప్పి ఊరుకొను మన వ్యవసాయశాఖల వాడుక ఈ సంగతిని చిరకాలము గుర్తింపలేదు.

ఆ పాదులోని వస్తువులను నేటి రసాయనశాస్త్రము లెక్క కట్టినచో ఏమి తేలును? మాగిన పశువుల ఎరువులో నూటికి సుమారు అర పాలు నత్రజని, పావు పాలునకు లోపుగా భాస్వరము, అర పాలు పొటాషు ఉండును. పదికిలోల పెంట పాదునకు వేసినచో ఏబది గ్రాముల నత్రజనియు, ఇరువది యిరువదియైదు గ్రాముల భాస్వరమును, మరల ఏబది గ్రాముల పొటాషును అందులో చేరినట్లు. పొయ్యిబూడిదలో నత్రజని ఉండదు, అది పొగతో పోయినది. పొటాషును సున్నమును మాత్రము మిగులును. పెంటలోని నత్రజని ఒక్కసారిగా నందదు. మొదటి పంటకు అందులో మూడవ వంతును మించి దొరకుట కష్టము. మిగిలినది మెల్లమెల్లగ తరువాతి పైరులకు వచ్చును. గుమ్మడి నాలుగైదు నెలల పైరు. ఇట్లు కొద్దికొద్దిగా నందు తిండి దానికి సరిపడినది. పాదు త్రవ్విన ముసలమ్మకు ఈ పేరులు తెలియవు, పాళ్లు తెలియును.

అయిన నీ పాదు సుఖము పెరటికే పరిమితమయ్యెను. పొలమున గుమ్మడికి గాని దోసకు గాని ఇంత పెంట యేనాడును దొరకలేదు. ఉన్న పెంటలో పెద్దపాలు చెరువు క్రింది వరిమడులకును, చెఱకుతోటలకును పోయెడిది. మెట్టచేను వాని మిగులునకై కనిపెట్టుకొని యుండెడిది. పూర్వులకాలమున ఎరువు సమృద్ధిగా నుండెనని చెప్పువారు ఈ పంపకమును గమనింపరు. నీరున్న భూమి గలవానికే ఎరువు. మెట్టరైతు భూమి తరతరములుగ ఆకలితో పండినది.

పశువులే తక్కువ. పుంగనూరు ఆవు లోకప్రసిద్ధమైనది. మూడడుగుల యెత్తున నుండి, కొంచెము మేత తిని, వెన్న హెచ్చుగా గల పాలిచ్చును. ఈ సీమకు తగిన పశువని అందఱు మెచ్చుకొందురు. మెచ్చుకొనుటయే గాని నిలుపుకొనలేదు: సంకరజాతి ఆవులు, ట్రాక్టరులు వచ్చిన పిదప ఆ జాతి యంతరించు స్థితికి వచ్చి, పలమనేరు పరిశోధనాక్షేత్రమున కొంత మంద నుంచి కాపాడవలసి వచ్చెను. కొంచెము తిను పశువు కొంచెమే పేడ వేయును. ఆ కొంచెములోను పిడకలకై కొంత పొయ్యి పాలయ్యెను. పశువు విడుచు నత్రజనిలో సుమారు సగము మూత్రములో నుండును. కొట్టములో పొడిమన్ను పఱచి దానిని పట్టుకొనిన యిండ్లు కొన్నియే; తక్కిన యిండ్లలో నది వీథి కాలువ పాలు.

ఈ కొఱత తీర్చుకొనుటకు మెట్టరైతు పెక్కు త్రోవలు త్రొక్కెను. గొఱ్ఱెలకాపరికి ధాన్యమిచ్చి రాత్రులందు మందను చేనిలో నిలుపుకొనెను. వేసవిలో చెరువు ఎండినప్పుడు అడుగుమట్టిని బండ్లతో తోలి ఎఱ్ఱనేలపై పఱచెను. ఇది ఎరువుగా కంటె నేలకు నీరు పట్టు గుణమిచ్చు మన్నుగా ఎక్కువ విలువైనది. 2015లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వ మారంభించిన నీరు-చెట్టు కార్యక్రమమున ఈ పాతపనియే యంత్రములతో జరిగినది. కానుగ, జిల్లేడు, వెంపలి మొదలగు వాని ఆకును నఱకి మడిలో త్రొక్కెను. ఈ కడపటి త్రోవకు 1882 నాటి మదరాసు అడవి చట్టము అడ్డము వచ్చెను. కొండలపై ఆకు కోయుటకును పశువులు మేపుటకును అనుమతులు, రుసుములు, జరిమానాలు వచ్చెను. 1921లో పల్నాటి రైతులు పుల్లరికి ఎదురు తిరిగినప్పటి గోడు గూడ మేతను గూర్చినదే. మేత పోయినచో పశువు పోవును, పశువు పోయినచో పెంట పోవును. అడవి చట్టమును ఎరువు చట్టముగా చదివినవారు ఆ కాలమున పల్లెరైతులే.

చట్టమునకు ముందే 1876–78 నాటి దారుణక్షామము వచ్చినది. మదరాసు రాజధానిలోని మెట్టసీమలన్నిటి యందును మనుష్యులతో పాటు పశువులును లెక్కలేక చచ్చెను. అట్టి క్షామము తరువాత భూమి సారము కోలుకొనుటకు ఎన్నియేండ్లు పట్టునో, పోయిన పశువుల సంఖ్యను బట్టి యూహించుకొనవలసినదే.

ఇట్టి కాలమున, 1889లో, జాన్ ఆగస్టస్ వెల్కర్ అను ఆంగ్ల రసాయనశాస్త్రవేత్త మన దేశమునకు పంపబడెను. ఆయన దేశమంతయు తిరిగి 1893లో ప్రకటించిన నివేదిక నేటికిని చదువదగినది. భారతదేశపు రైతు అజ్ఞాని యను మాటను ఆయన యొప్పుకొనలేదు. రైతు పేడను కాల్చుట కట్టెలు లేకయే గాని తెలివిలేక కాదనియు, కట్టెలకును మేతకును ప్రత్యేకముగా అడవులు పెంచినచో పేడ పొలమునకు చేరుననియు వ్రాసెను. ఎముకలు, నూనెగింజలు ఓడల కెక్కి దేశముదాటి పోవుటను గూర్చియు నాయన చింతించెను. ఎముకలో భాస్వరమున్నది, నూనెతీసిన పిండిలో నత్రజని యున్నది. వేరుసెనగపిండిలో నూటికి ఏడు పాళ్లు నత్రజని యుండును. ఆముదపుపిండిలో నాలుగు పాళ్లకు పైబడి యుండును. మన భూమి సారము పరదేశపు పైరులకు పోవుచుండగా, మన అధికారులు రైతునకు తెలివి నేర్పు పద్ధతులను గూర్చి సభలు జరుపుచుండిరి.

ఐరోపాఖండమున నప్పటికే వేఱు యుగము వచ్చియుండెను. మొక్క మన్నులోని లవణములను తినుననియు, వానిలో నేది కొఱతగా నున్నదో అదియే పంటకు హద్దు గీయుననియు జర్మనీదేశపు స్ప్రెంగెల్ మొదట చెప్పగా, 1840లో లీబిగ్ లోకమున వ్యాపింపజేసెను. 1842లో లాజ్ అను ఆంగ్లేయుడు సూపర్‌ఫాస్ఫేటు చేయు పద్ధతికి హక్కు పొందెను. ఆ విద్య మన దేశమున మొదట దిగినది ఎచ్చటనో కాదు, చిత్తూరునకు దక్షిణమున నున్న రాణిపేటలోనే. 1906లో అచ్చట సూపర్‌ఫాస్ఫేటు తయారీ ఆరంభమైనది. అప్పటికి రాణిపేటయు, పుంగనూరును, కుప్పమును ఒకే జిల్లాలోనివి. ఇంటి ప్రక్కన కర్మాగార ముండియు మెట్టరైతునకు బస్తా దక్కలేదు. అది కాఫీ, తేయాకు తోటల దొరలకును, పెద్ద కమతములకును పనికివచ్చిన వస్తువు. తరువాతి రెండు తరముల వఱకు గుమ్మడి పాదు పెంటబూడిదలతోనే గడపెను.

గాలిలోని నత్రజనిని పట్టి ఎరువుగా మార్చు హేబర్, బాష్ విధానము 1913లో జర్మనీలో కర్మాగారపు పనియయ్యెను. మన దేశమున సింద్రీ కర్మాగారము 1951లో ఉత్పత్తి మొదలుపెట్టెను. విశాఖపట్టణమున 1967లో మిశ్రమ ఎరువుల కర్మాగారము వెలసెను. ఈ మధ్య 1948 నాటి చట్టముతో జమీందారీలు తొలగి, పుంగనూరు, కంగుంది రైతులకు పట్టాలు వచ్చెను. తన భూమికి తానే ఎరువు కొనుక్కొను హక్కును, అప్పును, రెండును రైతున కొకేసారి సంక్రమించెను.

బస్తా ఎరువు చేసిన మేలును తగ్గించి చెప్పుట మా యుద్దేశము గాదు. నీరులేని మెట్టరైతు చేతికి, పశువులతో నిమిత్తము లేకుండ, నత్రజని మొట్టమొదట దొరకినది దానివలననే. చిక్కు ధరలలో పుట్టినది. 1992 ఆగస్టులో కేంద్రప్రభుత్వము భాస్వరపు, పొటాషు ఎరువుల ధరలను అదుపునుండి విడిచి, యూరియాను మాత్రము అదుపులో నుంచెను. వాని ధర హెచ్చెను, దీని ధర నిలిచెను. 2010 ఏప్రిల్‌లో పోషకములను బట్టి సహాయమిచ్చు పథకము వచ్చినప్పుడును యూరియా దానిలో చేరలేదు. 2018లో బస్తా ఏబది కిలోలనుండి నలువదియైదు కిలోలకు తగ్గించి, వేపపూత వెలయు పన్నులును గాక, 242 రూపాయలుగా నిర్ణయించిరి. నూటికి 46 పాళ్లు నత్రజని గల యూరియాలో, ఈ లెక్కను, కిలో నత్రజని పండ్రెండు రూపాయలకు దొరకినట్లు. పొటాషు మన దేశమున గనులనుండి తీయునది కాదు. అంతయు పరదేశములనుండి వచ్చును. అప్పు తెచ్చి సేద్యము చేయువాడు రెండింటిలో నేది కొనునో చెప్పుటకు జోస్యుడు అక్కఱలేదు.

ఈ ధరల రాజకీయము గుమ్మడిపూవులో కనబడును. గుమ్మడి కొకే తీగపై మగపూవులు వేఱు, ఆడుపూవులు వేఱు. ఆడుపూవు క్రింద పుట్టుకతోనే చిన్న పిందె యుండును. మగపూవు సన్నని కాడపై నిలిచి రాలిపోవును. మొదట మగపూవులు వచ్చి, కొంత కాలమునకు ఆడుపూవులు వచ్చుట దాని స్వభావము. ఏ పాళ్లలో వచ్చుననునది పగటి పొడవును, ఎండవేడిమిని, తిండిని బట్టి మారును. పగళ్లు దీర్ఘమై, వేడిమి హెచ్చి, నత్రజని మితిమీరినచో మగపూవుల పాలు పెరుగును, ఆడుపూవులు ఆలస్యమగును. చల్లని రాత్రులు గల మదనపల్లె మిట్ట తీగపైరులకు మేలని ముందు చెప్పుటకు కారణ మిదియే. అచ్చటి చల్లదనము ఇచ్చిన లాభమును పిడికిళ్లకొలది చల్లిన యూరియా హరించును. తీగ నల్లబారిన పచ్చదనముతో పందిరి దాటి పోవును. పొరుగువారు చూచి మెచ్చుకొందురు. కాయలు లెక్కించునాటికి గాని తగిలిన నష్టము తెలియదు.

నత్రజని అసలు లేకున్నను తీగ ఎదుగదు, కాయ చిన్నదగును. కావున అది శత్రువు గాదు. భాస్వరము నాటిన మొదటి వారములలో వేరునకు కావలయును. తరువాత పైన చల్లినది మన్నులో కదలక యుండిపోవును. పొటాషు ఆకులోని చక్కెరను కాయకు చేర్చు పనిలో తోడ్పడును. అది లేని కాయ తూకమునకును, నిలువకును, రుచికిని తగ్గును. సున్నపుపాలు చాలకున్నను, నీరొకనాడు మెండును మఱునాడు సున్నయునైనను, పిందె కొన కుళ్లును. బోరాన్ అను పోషకము కొంచెమైనను లేనిచో పుప్పొడి చక్కగ మొలకెత్తక పిందె నిలువదు. పిందె రాలినదెల్ల ఎరువు దోషమని యెంచుటయు తగదు. గుమ్మడిపూవు తెల్లవాఱుజామున విచ్చి మధ్యాహ్నమునకు ముందే ముడుచుకొనును. ఆ కొన్ని గంటలలో తేనెటీగ రాకున్నచో ఏ యెరువును కాయ నియ్యలేదు. ఉదయము పురుగుమందు చల్లు రైతు తన పిందెలను తానే చంపుకొనుచున్నాడు.

కుప్పము చరిత్ర యిక్కడ వేఱుదారి పట్టినది. 1990ల చివరి భాగమున రాష్ట్రప్రభుత్వము ఇజ్రాయేలుదేశపు నిపుణుల తోడ్పాటుతో అచ్చట ప్రదర్శనక్షేత్రము నెలకొల్పి, బొట్టుబొట్టుగా నీరు విడుచు గొట్టములను, ఆ నీటిలోనే ఎరువు కరగించి యిచ్చు పద్ధతిని రైతులకు చూపెను. వ్యయము మెండనియు, బోరునీరు మితిలేక తోడిరనియు విమర్శించినవారు కలరు. ఆ విమర్శలో సత్యమున్నది. చిన్నరైతునకు తగని వెలతో మొదలైన విద్య యది. అయినను ప్రతిదినము చిన్నమెత్తు నత్రజనిని వేరు మొదటనే యిచ్చు భావము మంచిది. మాగిన పెంట చేయు పనియు నదియే గదా. 2003లో రాష్ట్రమున సూక్ష్మ నీటిపారుదల పథకము వచ్చి రాయితీలిచ్చిన పిదప ఆ గొట్టములు సామాన్యుల చేలలోనికిని దిగెను. గుమ్మడి కుటుంబములోనిదే యైన గెర్కిన్ అను చిన్నదోసను కంపెనీల యొప్పందముపై కుప్పము ప్రాంతపు రైతులు పండించి విదేశములకు పంపుచున్నారు. దానిని వ్రేలంత యున్నప్పుడే దినదినము కోయవలయును. ఒక్కనాడు మానినను కాయ ముదిరి వెల పడిపోవును. కోతకూలి స్త్రీలదే. పెరటిపాదు దగ్గఱ మొదలైన వారి పని యిట్లు పరదేశపు సీసాలవఱకు సాగినది. వారి కూలిలెక్కను వ్రాసినవారు మాత్రము కొఱత.

ఇట్లుండగా, బస్తాను పూర్తిగ విడిచి పెంటయొక్కటే చాలునని బోధించువారు నేడు బయలుదేరినారు. ఆల్బర్ట్ హోవర్డు ఇందూరులో చెత్తను పేడతోను, మూత్రము పీల్చిన మంటితోను మాగబెట్టి 1931లో ప్రకటించిన పద్ధతి మాకును గౌరవాస్పదమే. కాని లెక్క చూడవలయును. తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయము గుమ్మడికి పాదొకటికి పదికిలోల పెంట చెప్పుచున్నది. ఎకరమునకు ఎనిమిదివందల పాదులనుకొన్నచో ఎనిమిది టన్నులు. ఒక పశువు ఏడాది పొడవున వేసిన పేడ మాగిన పిదప రెండు టన్నులు నిలుచుట గొప్ప. అనగా ఒక యెకరపు గుమ్మడికే నాలుగు పశువులు. మెట్టరైతుల కొట్టములలో నేడు నాలుగు పశువు లెన్నింటిలో నున్నవి? పెంటయే చాలునను బోధ పశువులు గలవానికి ధర్మము, లేనివానికి దండన.

ఆ విశ్వవిద్యాలయమే పెంటతో పాటు నాటునాడు పాదునకు నూరుగ్రాముల మిశ్రమ ఎరువును చెప్పుచున్నది: అందులో నత్రజని ఆరు, భాస్వరము పండ్రెండు, పొటాషు పండ్రెండు గ్రాములు. ముప్పదిదినములకు మఱి పది గ్రాముల నత్రజని. పది గ్రాముల నత్రజనికి యూరియా ఇరువదిరెండు గ్రాములు, అనగా అరచేతి గుంటలో పట్టునంత. ఎకరమునందలి యెనిమిదివందల పాదులకును కలిపి పదునెనిమిది కిలోలు మించవు. నలువదియైదు కిలోల బస్తాలో సగము కూడ కాదు. ఎకరము గుమ్మడికి ఒక బస్తా, పైగా వాన పడినదని మఱియొక బస్తా చల్లుటను మదనపల్లె, పుంగనూరు దారులలో మేము చూచియున్నాము. ఆ రెండవ బస్తా వెలకు కొంత కలిపి పొటాషు కొనవచ్చును. కాని దుకాణమున పొటాషును కిలోల లెక్కను విడిగా అమ్మువాడు దొరకినప్పుడే ఎకరము గలవాని కది సాధ్యము. మన సహకారసంఘములు మొదట చేయదగిన పని యిది. పైయెరువు వేయుటకు ముందునాడు రైతు, లేక రైతు భార్య, తెల్లవాఱగనే పాదుల దగ్గఱకు పోయి పది తీగలపై మగపూవు లెన్ని, ఆడుపూవు లెన్ని యని లెక్కించి చూచుకొనవచ్చును. తీగ కారుపచ్చనై, పూచినవన్నియు మగపూవులే యైనచో ఆ పది గ్రాములును మఱికొన్నిదినము లాగవచ్చును.